చప్పుడు లేని చోట కొన్న ఇల్లు

ఆ ఇంట్లో అడుగు పెట్టకముందే అది నాకు నచ్చింది. దలాలు గేటుకు చుట్టిన తీగ విప్పుతున్నాడు. మా ఆయన బండికి స్టాండు వేస్తున్నాడు. మామయ్య రోడ్డు అవతలి చెరుకు తోట వైపు చూస్తున్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడని ఆ కాసేపట్లో నాకు ఒక పిట్ట కూత వినిపించింది. తరువాత ఎక్కడో, ఎవరో బకెట్టులో నీళ్లు పోస్తున్న చప్పుడు. ఇంకేమీ లేదు. సూరత్‌లో పుట్టి, సూరత్‌లోనే చదివి, పెళ్లి చేసుకుని, బిడ్డను కన్న నేను అంత నిశ్శబ్దంలో అంతకుముందు ఎప్పుడూ నిలబడలేదు.

సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊరి నుంచి బార్డోలీ వైపు పోయే దారిలో, పెద్ద రోడ్డు వదిలి కొంత లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు అది. ఊరి చివర ఈ ఇల్లు. ముందు అరుగు, ఒక గది, వెనక వంటిల్లు, వంటింటిని ఆనుకుని నీళ్ల మోటారు పెట్టిన ఇరుకు కొట్టు. పైన నాటు పెంకులు. దూలాలకు చెద పట్టింది. ఒక గోడ కింది సగమంతా ఉప్పు పూసినట్టు తెల్లగా పొట్టు లేచిపోతోంది. బాత్రూము ఎక్కడో దూరంగా, తలుపు లేకుండా ఉంది. స్థలం మాత్రం మేమున్న ఇంటి లాంటివి పది పట్టేంత. రెండు సపోటా చెట్లు, ఎండిపోయిన నిమ్మ చెట్టు ఒకటి, మిగతాదంతా గడ్డి, మెత్తటి నల్లమట్టి.

"భాభీ, ఇంటిని చూడకండి. ఇల్లు రేపు పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. జాగా చూడండి, జాగా!" అన్నాడు దలాలు హిందీలో.

"ఇంటిని చూడొద్దని ఇల్లు అమ్మేటోన్ని నిన్నే చూసిన," అన్నాడు మా ఆయన తెలుగులో. దలాలుకు అర్థం కాకపోయినా నవ్వాడు.

మామయ్య ఒక దూలాన్ని గోటితో గీకాడు. పొడి రాలింది. ఆ పొడిని వేళ్ల మధ్య నలుపుతూ నా వైపు తిరిగి, "ఏమంటవ్ బిడ్డా?" అని అరిచాడు. ఆయన మామూలుగా మాట్లాడటమే అలా ఉంటుంది. నేను కొందామన్నాను. ఆయనకు వినబడలేదు. పిడికిలి బిగించి గుండెకు ఆనించి చూపించాను. తీసుకుందాం అని మా చేతి మాట. ఆయన తల ఊపాడు.

ఆ చేతి మాటల గురించి చెప్పకపోతే ఆ ఇల్లు ఎందుకు కొన్నామో అర్థం కాదు.

మా రెండు కుటుంబాలూ కరీంనగర్ వైపు నుంచి ఎప్పుడో సూరత్‌కు నేత పనికి వచ్చినవే. లింబాయత్‌లో మేమున్న ఇల్లు ఒక కార్ఖానాకు పై అంతస్తు. కింద మరమగ్గాలు. మా వాళ్లు వాటిని సాంచాలంటారు. అవి పగలూ రాత్రీ నడిచేవి. గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతూనే ఉండేవి. నేల మీద గిన్నె పెట్టి పక్కకు తిరిగితే దాని మూత దానంతటదే జరిగి పడేది. ఆ మోతలో నోటితో మాట్లాడాలంటే అవతలి వాళ్ల చెవిలో నోరు పెట్టి అరవాలి. అందుకని కార్ఖానాలో పనిచేసేవాళ్లు చేతులతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. ఆ అలవాటు మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చింది. రెండు వేళ్లు పెదవికి ఆనిస్తే చాయ్. వేళ్లు ముడిచి నోటి ముందు తిప్పితే అన్నం. వెనక్కి తిరిగి ఉన్నవాళ్లను పిలవాలంటే కాలితో నేలను తన్నుతాం. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తమ్మ అలా నేలను తన్నితే నామీద కోపం వచ్చిందనుకుని ఏడ్చాను కూడా. మా నాన్నదీ సాంచాల పనే కానీ మేముండే గది కార్ఖానాకు దూరం. మునిసిపాలిటీ తెలుగు బడి, తరువాత గుజరాతీ స్కూలు, ఆ తరువాత బీకాం. నా చదువంతా నోటి మాటలతోనే నడిచింది.

పాప ఆ మోత మీదే పుట్టింది. ఏడాది నిండకముందే తాత చేతిలో గ్లాసు చూసి రెండు వేళ్లు పెదవికి ఆనించింది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. "ఇది పుట్టుడే సాంచా నడిపెటోళ్ల లెక్క పుట్టింది," అని మామయ్య గల్లీ అంతా చెప్పుకున్నాడు. రెండేళ్లకు చేతులతో వాళ్ల తాతతో సమానంగా వాదించేది. మూడేళ్లు దాటినా నోటి నుంచి మాత్రం ఒక్క మాట రాలేదు. అమ్మా అని కూడా అనలేదు. గొంతులో ఏవో శబ్దాలు, అంతే.

చెవుల మీద అనుమానం రాలేదని కాదు. వచ్చిన ప్రతిసారీ దానికి జవాబు ఇంట్లోనే దొరికేది. కరెంటు పోయి కింద సాంచాలు ఆగితే చాలు, ఎంత గాఢ నిద్రలో ఉన్నా పాప ఉలిక్కిపడి లేచి కూర్చునేది. వెనక నుంచి నేలను తన్నితే టక్కున తిరిగి చూసేది. "ఇనవడక తిరుగుతదా?" అనేది అత్తమ్మ. నేనూ అదే అనుకున్నాను. నేను స్వయంగా ఎన్నిసార్లు పరీక్షించానో లెక్కలేదు. వంట చేస్తూ చేస్తూ వెళ్లి తన వెనక నిలబడి మడమతో నేలను కొట్టేదాన్ని. తిరిగేది. నా గుండె కుదుటపడేది. మర్నాటికి మళ్లీ అదే భయం.

చివరికి ఆల్థాన్‌లో ఒక పిల్లల డాక్టరమ్మకు చూపించాం. ఆమె చెవుల పరీక్ష రాసింది. బిడ్డ నిద్రపోతుండగా తలకు వైర్లు అంటించి చేసే పరీక్ష అది. రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ మందు తాగించారు, గదిలో దీపాలు తీశారు. దూది కూరినట్టు మందపు గోడలున్న గది అది. పాప మాత్రం కళ్లు తెరుచుకుని, ఒళ్లంతా బిగబట్టుకుని ఏడ్చింది తప్ప నిద్రపోలేదు.

బయటికి వచ్చాక అత్తమ్మ అంది: "చూసినవా? సప్పుడు లేకుంటే దీనికి నిద్ర పడతలేదు. చెవులు లేని పోరికి సప్పుడెందుకే?"

ఆ మాటకు నాకు ఎంత ధైర్యం వచ్చిందో. డాక్టరమ్మ కూడా, పరీక్ష కొన్నాళ్లు ఆగి చేద్దాం, ఈలోగా బిడ్డను ఆ మోత నుంచి బయటికి తీసుకురండి అంది. ఎదురుగా కూర్చుని నోటితో మాట్లాడండి, చేతి సైగలు పూర్తిగా మానేయండి, చేతులతోనే పని జరిగిపోతుంటే ఏ పిల్ల అయినా నోరెందుకు తెరుస్తుంది అని నన్నే అడిగింది. చదువుకున్నదాన్ని కదా, ఆ మాట నాకు చక్కగా తలకెక్కింది.

అలా ఆ ఇంటి కోసం వెతికాం. మా తాహతుకు సూరత్‌లో దొరికేవన్నీ ఏదో ఒక కార్ఖానా పక్కనో, పైనో ఉండే గదులే. ఈ శిథిలమైన ఇల్లు ఒక్కటే చప్పుడు లేని చోట, మా చేతికి అందేలా దొరికింది. ఉన్నదంతా అందులో పోశాం. మా ఆయనకు సచిన్‌లో పని, అక్కడికి దగ్గర అన్న సాకు కూడా కలిసివచ్చింది. లింబాయత్ గదిని వెంటనే వేరే వాళ్లు తీసుకున్నారు.

హోలీ పోయాక సామాను చేర్చాం. మొదటి రోజే అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఈ ఇంట్లో చేతి మాటలు బంద్. ఏదైనా నోటితోనే.

అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ముసలోనికి ఇనవడది. చేతులు ఊపొద్దంటవ్. ఇగ మేమిద్దరం ఉత్తరాలు రాసుకోవాల్నా?"

"ఏందీ?" అన్నాడు మామయ్య.

"ఏం లే, చాయ్ తాగుతవా?"

"ఏందీ?"

అత్తమ్మ చేయి పెదవి దాకా లేచింది. నన్ను చూసి మళ్లీ కిందికి దించింది. "చా...య్!" అని ఆమె అరిచిన అరుపుకు సపోటా చెట్టు మీద పిట్టలు లేచిపోయాయి. మా ఆయన గోడకు ఆనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. పాప మా అందరి మొహాలు ఒకదాని తరువాత ఒకటి చూసింది.

మామయ్య ఆ నియమాన్ని పాటించినంత గట్టిగా ఎవరూ పాటించలేదు. పాప దగ్గర కూర్చునేటప్పుడు రెండు చేతులూ చంకల్లో పెట్టుకునేవాడు. ఎక్కడ పొరపాటున కదులుతాయో అని.

మొదటి వారాల్లో పాప నా దగ్గరికి వచ్చి వేళ్లు ముడిచి నోటి ముందు తిప్పేది. నేను చూడనట్టే ఉండి, తన ఎత్తుకు కూర్చుని, "అన్నం. అన్-నం. అను," అనేదాన్ని. మళ్లీ తిప్పేది. నేను మళ్లీ అనేదాన్ని. ఒక రోజు రెండు చేతులతో, పెద్దగా తిప్పింది. వినబడనివాళ్లకు గట్టిగా చెప్పినట్టు. అయినా నేను కదలకపోతే నా కుడిచేతిని తన ఒళ్లోకి లాక్కుని, నా వేళ్లను ఒక్కొక్కటే ముడవడం మొదలుపెట్టింది. నేను మరిచిపోయాననుకుందో ఏమో, నాకు నేర్పిస్తోంది. నేను పిడికిలి బిగించాను. డాక్టరమ్మ అలాగే చెప్పింది. కొంచెం ఏడిస్తే ఏడవనీయండి, తరువాత మాట వస్తుంది అంది.

ఏడవలేదు. కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఆకలైతే తనే వెళ్లి కంచం తెచ్చుకుని గిన్నెల ముందు కూర్చునేది. అది మంచి మార్పేనని మా అక్కకు ఫోన్‌లో చెప్పాను.

ఆ ఇంట్లో పాపకు నిద్ర పట్టేది కాదు. పడుకోబెడితే కళ్లు పైకి పెట్టి పెంకుల సందుల్లోకి చూస్తూ ఉండేది. మోత అలవాటైన పిల్ల, నిశ్శబ్దానికి భయపడుతోందని మా ఆయన అన్నాడు. సచిన్‌లో తను పనిచేసే చోట సాంచాల మోతను ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చి పాప తల పక్కన పెట్టాడు. అంత డబ్బు పోసి ఏ మోత నుంచి పారిపోయి వచ్చామో ఆ మోతే నా ఇంట్లో మళ్లీ మొదలైంది. అత్తమ్మ లేచి కూర్చుని, "దారం తెగిందేమో చూడుండ్రి," అంది. మామయ్య కూడా హాయిగా నిద్రపోయాడు. పాప ఒక్కతే కళ్లు తెరుచుకుని ఉంది.

తను నిద్రపోయే చోటును తనే కనిపెట్టుకుంది. ఒక పొద్దున ట్యాంకు నింపడానికి మోటారు వేసి, పాప కనిపించక ఇల్లంతా వెతికాను. మోటారు కొట్టులో, గోడకు చెంప ఆనించి, రెండు అరచేతులూ గోడకే అంటించి నిద్రపోతోంది. అంత గాఢంగా నిద్రపోవడం ఆ ఇంటికి వచ్చాక నేను చూడలేదు. మోటారు ఆపగానే లేచింది. ఆ తరువాత నుంచి మధ్యాహ్నాలు దాన్ని పడుకోబెట్టాలంటే మోటారు వేసేవాళ్లం. ట్యాంకు నిండి పొర్లిపోయేది, నీళ్లు సపోటా చెట్లకు పోయేవి. "బిడ్డ మంచిగ నిద్రపోతె చెట్లు మంచిగ కాస్తున్నయ్," అని మామయ్య సంతోషించాడు. ఫోన్‌లో మోత పనికిరాక మోటారు మోత ఎందుకు పనికివచ్చిందని మేమెవరం అడగలేదు.

ఎండలు ముదిరాక పైకప్పు విప్పించాం. వానలకు ముందే దూలాలు మార్చాలి. బార్డోలీ వైపు నుంచి ఇద్దరు కూలీలు వచ్చి, మంచి పెంకులు దించి ఇంటి ముందు ఒక వరుసగా పేర్చారు. పగిలినవి వేరే కుప్ప. పాప ఆ పగిలిన ముక్కలతో ఆడుకునేది. మట్టిలో కూర్చుని, వీపు మా వైపు పెట్టి, ముక్కలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టేది.

ఆ మధ్యాహ్నం నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. అత్తమ్మ నా పక్కనే ఉంది. మామయ్య చెట్టు కింద మంచం మీద పడుకుని ఉన్నాడు. పైనున్న కూలీ రేకు డబ్బా జార్చాడు. చూరు మీద నుంచి అది అరుగు అంచున రాతి పలక మీద పడి, దొర్లి, అంత ఎత్తున్న పెంకుల వరుసను కొట్టింది. వరుస మొత్తం కూలింది. నా చేతిలో చాట ఎగిరిపోయింది. అత్తమ్మ "వామ్మో!" అని అరిచింది. వీధిలో కుక్క మొరిగింది. ఏళ్ల తరబడి సాంచాల మధ్య చెవులు పోగొట్టుకున్న మామయ్య, పెడబొబ్బ పెడితే తప్ప వినబడని మామయ్య, మంచం మీద లేచి కూర్చుని "ఏమైందే?" అన్నాడు.

పాప తిరగలేదు.

పెంకులు కూలిన చోటుకూ పాపకూ మధ్య దూరం పెద్దగా లేదు. మెత్తటి మట్టి మీద కూర్చుని ఉంది. ఒక ముక్క మీద ఇంకో ముక్క పెట్టి, అది నిలబడుతుందో లేదో అని చేయి మెల్లగా వెనక్కి తీసుకుంటోంది. భుజం కూడా కదలలేదు.

అత్తమ్మ గబగబా అరుగు దిగి పాప వెనక్కి వెళ్లి కాలితో నేలను తన్నింది. మట్టిలో ఆమె కాలు దిగబడింది. మళ్లీ తన్నింది. "అలిగింది పోరి. అలిగింది, గంతే," అంది నా వైపు చూడకుండా. ఇంకోసారి తన్నింది.

నేను పాపను ఎత్తుకుని అరుగు మీదికి తెచ్చి రాతి పలక మీద నిలబెట్టాను. వెనక నుంచి మడమతో కొట్టాను. నా కాలు నొప్పి పుట్టింది. రాయి కింద గట్టి నేల. అది ఏ కబురూ మోసుకుపోలేదు. లింబాయత్‌లో మా ఇంటి నేల పలచటి స్లాబు. పిల్లి దూకినా తెలిసేది. అప్పుడు ఒక్కొక్కటే తెలియడం మొదలైంది. కరెంటు పోతే లేచింది మోత ఆగినందుకు కాదు, ఒంటి కింద వణుకు ఆగినందుకు. నేలను తన్నితే తిరిగింది కాళ్లకు తెలిసినందుకు. ఫోన్ పనికిరాలేదు, మోటారు గోడ పనికివచ్చింది. ఆ పరీక్ష గదిలో పరుపు కదలలేదు కాబట్టి నిద్ర పట్టలేదు. మూడేళ్లుగా మేము దాని చెవులను పరీక్షిస్తున్నామనుకుంటూ అరికాళ్లను పరీక్షించాం. వేరే ఏ ఇంట్లో పుట్టినా ఎవరో ఒకరు దాన్ని పేరు పెట్టి పిలిచి ఉండేవాళ్లు. అది తిరగకపోతే ఆరు నెలల్లో తెలిసి ఉండేది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు.

ఇదంతా మా ఆయనకు చెప్పాను. "పరీక్షకు నిద్రపుచ్చుడు నాకు ఇడిసిపెట్టు," అన్నాడు. ఆల్థాన్‌కు వెళ్లాక నన్ను లోపల కూర్చోబెట్టి, పాపను బండి పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఆ వీధుల్లో తిప్పాడు. కాసేపటికి పాపను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. నిద్రపోతోంది. వైర్లు అంటించినా లేవలేదు.

రెండు చెవులూ దాదాపు పూర్తిగా పనిచేయడం లేదన్నారు. నేను ఒకటే అడిగాను, సాంచాల మోత వల్లనా అని. కాదన్నారు. పుట్టుకతోనే అయి ఉంటుందన్నారు. అంటే మోత దానికి ఏమీ చేయలేదు. నిశ్శబ్దమూ ఏమీ చేయలేదు. మేము లింబాయత్ నుంచి ఇక్కడిదాకా పారిపోయి వచ్చింది దాని చుట్టూ ఎప్పుడూ లేనే లేని ఒక చప్పుడు నుంచి. చెవి మెషీన్లు పెట్టి చూద్దాం, తరువాత ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం, ఇంకా ముందే రావలసింది అన్నారు. చేతులతో మాట్లాడేదా అని అడిగారు. మాట్లాడేది అన్నాను. మరి ఇప్పుడు అన్నారు.

తిరిగి వస్తుంటే వాన మొదలైంది. ఇంటికి వచ్చేసరికి సగం పైకప్పు లేని గది మీద ప్లాస్టిక్ పట్టా కప్పి అత్తమ్మ మూలల్లో ఇటుకలు పెడుతోంది. పెంకులు చాలా పగిలిపోయాయి కదా, అలాంటివి ఇప్పుడు ఎవరూ చేయడం లేదట. రేకులు వేయించాల్సిందే. ఇల్లు అమ్మేద్దామని మా ఆయన దలాలుకు ఫోన్ చేశాడు. "ఇల్లు ఎవరు కొంటారు భాయ్ ఈ స్థితిలో? జాగా అంటారా, వానాకాలం పోనీయండి," అన్నాడట. వెనక్కి పోవడానికి లింబాయత్‌లో గది లేదు.

అత్తమ్మ నన్నేదో అంటుందని ఎదురు చూశాను. అంటే బాగుండేది. ఆమె మామయ్య ముందు నిలబడి చేతులతో చెప్పింది. చెవిని చూపించి, అరచేతిని ఖాళీగా తిప్పింది. మామయ్య చంకల్లోంచి చేతులు తీశాడు. మూడు నెలల తరువాత పాప ముందు కూర్చుని రెండు వేళ్లు పెదవికి ఆనించాడు. చాయ్. పాప ఆయన వేళ్ల వైపు చూసి, లేచి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. మళ్లీ వెళ్లిపోయింది. "కోపం చేసింది బిడ్డ," అని ఆయన అరిచాడు. "మనమీద బాగా కోపం చేసింది."

చెవి మెషీన్లు పెట్టించాం. తీసి పారేస్తోంది. ఒకటి మట్టిలో రెండు రోజులకు దొరికింది. వారానికి ఒకసారి ఆల్థాన్‌లో మాటలు నేర్పే ఒకామె దగ్గరికి వెళుతున్నాం. అక్కడ అద్దం ముందు కూర్చోబెడతారు. అద్దంలో పాప నన్ను చూస్తుంది, నేను దాని వైపు చూడగానే చూపు తిప్పుకుంటుంది.

ఇప్పుడు ఈ ఇంట్లో అన్ని చప్పుళ్లూ నాకే. రేకుల మీద వాన, గోడలో చెద కొరికే సన్నటి గీకుడు, చెరుకు లారీలు దూరాన గేరు మార్చడం, అందరూ పడుకున్నాక నేను ఇది రాస్తుంటే కాగితం మీద పెన్ను. వినాలని అంత ఆశపడి కొన్న నిశ్శబ్దంలో నేనొక్కదాన్నే ఉంటున్నాను. నేను కూడా చేతి మాటలు మళ్లీ మొదలుపెట్టాను. మామయ్య దగ్గర కూర్చుని నాకు తెలియనివి నేర్చుకున్నాను కూడా. అన్నీ నేర్చుకున్నాక తెలిసింది, అవి ఎంత తక్కువో. ఆపు, నడిపించు, దారం తెగింది, బాబిన్‌లో దారం అయిపోయింది, సేట్ వస్తున్నాడు, ఎంత, రేపు, చాయ్, అన్నం, తీసుకో. షిఫ్టులో పనికివచ్చేవి. ఎందుకు అన్న మాట లేదు. భయం లేదు. నాకు తెలియక చేశాను అని చెప్పడానికి ఏమీ లేదు. "గవన్నీ సాంచల కాడ ఎవనికి కావాలె బిడ్డా?" అన్నాడు మామయ్య.

నిన్న సాయంత్రం వాన తెరిపి ఇచ్చినప్పుడు పాప అరుగు కింద కూర్చుని ఉంది. నేను వెళ్లి ఎదురుగా, తడి మట్టిలోనే కూర్చున్నాను. దానితో ఏదో ఒకటి చెప్పాలనిపించింది. మన మధ్య మాట తెగిపోయింది, తెంపింది నేను, నీ తప్పేమీ లేదు, మళ్లీ కలుపుకుందాం అని. అంత చెప్పడానికి నా చేతుల్లో ఉన్నది ఒక్కటే. రెండు చూపుడువేళ్ల కొసలు కలిపి, ఒకదాని నుంచి ఒకటి విడిపించాను. దారం తెగింది అని.

చాలా రోజుల తరువాత పాప నా వేళ్లను చూసింది. చూపు తిప్పుకోలేదు. తరువాత లేచి నిలబడి, నా భుజం మీదుగా వెనక్కి చూసింది. అరుగెక్కి గదిలోకి తొంగి చూసింది. ఇంటి వెనక్కి వెళ్లి మోటారు కొట్టు తలుపు నెట్టి చూసి వచ్చింది. చెట్ల దాకా వెళ్లింది. అంత పెద్ద జాగాలో అటూ ఇటూ తిరుగుతూ, తెగిన దారం ఏ సాంచాదో వెతుకుతోంది. చివరికి నా దగ్గరికి వచ్చి, వంగి, అరచేతిని నేల మీద పరిచి పెట్టింది. సాంచా నడుస్తోందో ఆగిందో అలా చూస్తోందని నాకు అప్పుడు అర్థమైంది.

కాసేపు అలాగే ఉంచి, చేయి నా చీరకు తుడుచుకుని, పెంకు ముక్కల దగ్గరికి వెళ్లిపోయింది.